జేబున్న కుండీ

మా మామగారు కుర్చీలోంచి లేచింది వాషింగ్ మెషీన్ పాడైన రోజున. అప్పటికి నాలుగు నెలలుగా ఆయన ఆ కుర్చీలోనే ఉన్నారు, ముందుగదిలో, గోడకేసి తిరిగి. టీవీ పెడితే చూసేవారు కాదు, కట్టేస్తే పెట్టమనేవారు కాదు. స్నానానికి లేపాలంటే నేను మూడుసార్లు బతిమాలాలి, నాలుగోసారి కసురుకోవాలి. కొడుకు పోయిన పెద్దమనిషిని కసురుకోవడమేమిటని మీరనుకోవచ్చు. ఆ కొడుకు నాకు మొగుడు. ఇంట్లో మిగిలింది ఇద్దరం, ఇద్దరిలో ఒకరైనా వేళకు వంట చేసి, తలుపులు వేసి, పొద్దున్నే లేవాలి కదా. ఆ ఒకరు నేనయ్యాను, అంతే.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఒక సోమవారం పొద్దున్న భోజనం డబ్బా సర్దుకుని పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఏదో ఆఫీసు భవనంలో, మెట్ల మీద కాసేపు కూర్చుంటానని చెప్పి కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. ముప్పై ఆరేళ్ళు.

నేను కళ్ళద్దాల షాపులో వెనకగదిలో పనిచేస్తాను. అద్దాన్ని ఫ్రేము కొలతకి అరగదీసి, అంచులు నున్నగా చేసి బిగించడం నా పని. ఫోన్ వచ్చినప్పుడు చేతిలో ఒక అద్దం ఉంది. విషయం విన్నాను. ఫోన్ పక్కన పెట్టి, ఆ అద్దం పూర్తి చేసి, ఫ్రేములో బిగించి, తుడిచి, కవర్లో వేసి, అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలీదు. మొద్దుబారడం అక్కడే మొదలైందనుకుంటాను. ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళలో కొందరు గట్టిమనిషి అన్నారు, కొందరు ముక్కున వేలేసుకున్నారు. రెండూ చూశాను. రెండింటికీ నాకేమీ అనిపించలేదు.

ఇక వాషింగ్ మెషీన్ సంగతి. బాగుచేసేవాడు వచ్చి, వెనక మూత విప్పి, పెదవి విరిచి, "ఇది ఇంక పనికిరాదమ్మా, పారేయండి" అన్నాడు. ఆ "పారేయండి" ముందుగదిలోకి వినబడింది. మామగారు ముప్పై ఏళ్ళకు పైగా బస్సు డిపోలో మెకానిక్‌గా చేశారు. ఒక్క నట్టు కూడా పారేయనివ్వరని అక్కడ ఆయనకి 'స్పేరు' అని పేరు పెట్టారు. అసలు పేరుతో ఉత్తరం వస్తే డిపోలో ఎవరిదో తెలియక వెనక్కి పంపేశారని మా ఆయన చెప్పి నవ్వేవాడు. ఆ స్పేరుగారు కుర్చీలోంచి లేచారు. నడుము పట్టేసినట్టుంది, గోడ పట్టుకుని వచ్చారు. మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగారు.

"పారేయడమా? లోపలి డ్రమ్ము స్టీలుది. చుట్టూ చిల్లులే. నీళ్ళు నిలవవు. పాలకూరకి ఇంతకంటే ఏం కావాలి?" అన్నారు.

నాలుగు నెలల తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన పొడుగు మాట అదే. బాగుచేసేవాడు నా మొహం చూశాడు. నేను స్క్రూడ్రైవర్ తెచ్చి మామగారి చేతికిచ్చాను.

మా ఇంటి వెనక పన్నెండడుగుల గచ్చు ఉంది. మూడు పక్కలా గోడ, ఓ మూల కుళాయి. అంతకుముందు అక్కడ బట్టలారేసుకునేవాళ్ళం, విరిగినవన్నీ పడేసేవాళ్ళం. ఆ డ్రమ్ముతో మొదలుపెట్టి మామగారు ఆ గచ్చుని నెత్తికెత్తుకున్నారు. ఖాళీ పెయింటు డబ్బాలకి అడుగున మేకుతో చిల్లులు కొట్టి మిరప నాటారు. పాత టైర్లు రెండు ఒకదానిమీదొకటి పెట్టి, మట్టి నింపి, వంగ పెట్టారు. చెక్కపెట్టెలు విప్పి, పలకలకి గరుకు కాగితం పట్టి, ఇద్దరు కూర్చునే బల్ల చేశారు. వీధి చివర ఎవరో ఇల్లు బాగుచేయించుకుంటే పగిలిన టైల్సు బకెట్‌తో మోసుకొచ్చి, ముక్కలన్నీ అతికించి, కుళాయి ముందు చాపంత నేల పరిచారు. సైకిలు చక్రానికి రబ్బరు పీకేసి గోడకి కొట్టి, చువ్వల మీదికి బీన్స్ తీగ పాకించారు. వీధిలోవాళ్ళు వచ్చి చూసిపోవడం మొదలైంది. "ఏం పెట్టి కొన్నారు తాతగారూ?" అని అడిగితే, "ఓపిక పెట్టి" అనేవారు.

మనిషి తిరిగొచ్చాడని అందరూ సంతోషించారు. నేనూ సంతోషించి ఉండాలి. ఆయన మట్టిచేతులతో గిన్నెలు ముట్టుకుంటే చిర్రెత్తుకొచ్చేది, అది మాత్రం గుర్తుంది. టమాటాలు కాస్తే కోసి వండేదాన్ని. రుచి ఎలా ఉందని అడిగితే బాగుందనేదాన్ని. నిజానికి ఉప్పు వేశానో లేదో కూడా తెలిసేది కాదు.

మామగారికి డిపో పద్ధతి ఒకటి ఉండిపోయింది. అక్కడ ఇక బాగవదు అనుకున్న బస్సుని కండెమ్ అని రాసి షెడ్డు వెనక్కి తోసేస్తారట. ఒకసారి అక్కడికి చేరాక ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికి ఏ ముక్క పనికొస్తే అది ఊడదీసుకోవచ్చు. ఇంట్లోనూ అదే పెట్టారు. కుళాయి పక్క మూల కండెమ్ మూల. అక్కడ పెట్టామంటే ఆ వస్తువు మీద ఆశ వదులుకున్నట్టే. కాలిన పెనం, తెగిన చెప్పులు, మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన నడవని గడియారం, పాతగుడ్డల సంచీ అన్నీ అక్కడికే చేరాయి. గడియారం మర్నాటికి పక్షులు నీళ్ళు తాగే పళ్ళెమైంది.

ఇక్కడ చొక్కా సంగతి చెప్పాలి.

ఆ సోమవారానికి ముందు రోజు మా ఆయన వేసుకున్న చొక్కా, తలుపు వెనక మేకుకి అలాగే ఉండిపోయింది. నీలం రంగుది. జేబు మాత్రం విడ్డూరంగా పొడుగ్గా ఉంటుంది, కరెంటు టెస్టరు నిలువుగా పట్టాలని పట్టుబట్టి కుట్టించుకున్నాడు. దాన్ని ఉతకలేదు. పాత దిండు గలీబులో చుట్టి బీరువా అడుగున పెట్టాను. ఆదివారం మధ్యాహ్నాలు మామగారు నిద్రపోయాక తీసి మొహానికి ఆనించుకునేదాన్ని. ఏడుపు అప్పుడూ వచ్చేది కాదు. కానీ ఆ వాసన తగలగానే లోపలెక్కడో ఏదో కదిలేది, కడుపులో చిన్న నొప్పిలాగా. నాకు మిగిలిన కదలిక అదొక్కటే. దానికోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఏడో నెలలో ఒక ఆదివారం చొక్కా తీసి ఆనించుకుంటే ఏమీ రాలేదు. ఉత్త గుడ్డ. మళ్ళీ చూశాను. మెడ దగ్గర, చంకల దగ్గర, మడతల్లో. ఏమీ లేదు. తర్వాతి ఆదివారమూ అంతే, ఆ తర్వాతా అంతే.

అప్పటినుంచి నన్ను తొలిచేసింది ఒకటే ప్రశ్న. చొక్కాలో వాసన అయిపోయిందా, నాలో దాన్ని పట్టుకునేది చచ్చిపోయిందా? చొక్కాలో అయిపోతే సరే, గుడ్డలో ఎన్నాళ్ళుంటుంది. నాలోనే పోయి ఉంటే? ఉప్పు తెలియని నోరు, ఏడుపు రాని కళ్ళు, వాటితో పాటు ముక్కు కూడానా? ఇంకొకరికిచ్చి కాస్త వాసన చూసి చెప్పండి అని అడిగే విషయమా ఇది? ఎవరిని అడగను?

అలా ఉండగా మా అమ్మ వచ్చింది, పది రోజులుంటానని. మా అమ్మకి ఉతుకుడు పిచ్చి. కంటికి కనిపించిన గుడ్డని నీళ్ళలో పెట్టనిదే కాలు నిలవదు. వచ్చిన గంటకే కర్టెన్లు దించింది. రెండోరోజు బీరువా తెరిచి, "ఏమిటే ఈ ముక్కవాసన" అంటూ దుప్పట్లు లాగడం మొదలుపెట్టింది. దిండు గలీబు తీసుకుని ఇల్లంతా చూశాను. అమ్మ చెయ్యి పడని చోటు ఒక్కటీ లేదు. ఒక్క కండెమ్ మూల తప్ప. అది వియ్యంకుడి జాగా కాబట్టి అమ్మ మర్యాదకి అటు తొంగి కూడా చూడదు. పాతగుడ్డల సంచీలో అడుగున కుక్కాను. పది రోజులే కదా అనుకున్నాను.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒకటే పాట.

"వచ్చెయ్యవే. ఎన్నాళ్ళని ఆ ముసలాయనకి వండిపెడతావు? ఆయనకి కూతురుంది. చూసుకుంటుంది. నీకేం వయసైపోయిందని?"

"సరే అమ్మా."

"సరే అంటే ఎప్పుడు?"

"సరే, చూద్దాం."

ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని. షాపు ఓనరు సెలవురోజు రమ్మంటే సరే. పక్కింటావిడ గిన్నె అడిగితే సరే, తిరిగివ్వడం మర్చిపోయానంటే సరే. వాదించడానికి కూడా ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి.

అమ్మ శనివారం వెళ్ళిపోయింది. మర్నాడు ఆదివారం. చొక్కా తీయొచ్చు. తీయలేదు. తీస్తే వాసన చూడాలి, చూస్తే రాదు, రాకపోతే మళ్ళీ ఆ ప్రశ్న. తర్వాతి ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. ఆ వారం కూడా అలాగే గడిచిపోయింది. అక్కడే, ఆ మూలలో, నా కళ్ళముందే ఉంది కదా అని.

ఆ పై బుధవారం పొద్దున నేను షాపుకి బయల్దేరుతుంటే మామగారు గచ్చు మీదినుంచి కేకేశారు.

"అమ్మాయ్! గుడ్డల సంచీ విప్పుతున్నా. అందులో నీకేమన్నా కావాలా?"

"సరే మామయ్యా," అన్నాను.

చూడండి, ఆయన అడిగినదానికి అది జవాబే కాదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను.

మామగారు ఆ నెలంతా గుడ్డ కుండీల మీద ఉన్నారు. ఫోన్లో ఏదో వీడియో చూసి పట్టుకున్న విద్య. సిమెంటు చిక్కటి పెయింటులా కలిపి, పాత తువ్వాలు అందులో ముంచి, బోర్లించిన బకెట్ మీద పరుస్తారు. అంచులు కుచ్చెళ్ళలా కిందికి వేలాడతాయి. రెండు రోజుల్లో గట్టిపడుతుంది. తిరగేస్తే, గుడ్డ గాలికి ఎగిరి అలాగే ఆగిపోయినట్టు ఒక కుండీ. పైన ఇంకో రెండు పూతలు పూసి, అడుగున చిల్లు వేసి, సిమెంటు ఘాటు పోవడానికి వారం రోజులు నీళ్ళలో నానబెట్టి, అప్పుడు మట్టి నింపుతారు. చూడ్డానికి బాగుంటాయి, నేను కాదనను.

సాయంత్రం వచ్చేసరికి గచ్చు మీద మూడు బకెట్లు బోర్లించి ఉన్నాయి. రెండింటి మీద తువ్వాళ్ళు. మూడోదాని మీద ఒక చొక్కా. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. వీపు బకెట్ అడుగు మీద పడింది, కాలరు ఓ పక్కకి జారింది, చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. రంగు తెలియడం లేదు, అంతా బూడిదరంగే. జేబు మాత్రం తెలుస్తోంది. పొడుగు జేబు.

వంగి చూశాను. వేలితో జేబు అంచు ముట్టుకున్నాను. తడిగా, చల్లగా ఉంది. వేలికి సిమెంటు అంటింది. కుళాయి దగ్గర కడుక్కున్నాను. సంచీ దగ్గరికి వెళ్ళి చూశాను, ఖాళీ. దిండు గలీబు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది.

కోపం రావాలి. అరవాలి. ఆ బకెట్ తన్నెయ్యాలి. ఏదో ఒకటి వస్తుందేమోనని కాసేపు నుంచున్నాను కూడా. ఏమీ రాలేదు. లోపలికెళ్ళి కూర తరిగాను.

మామగారికి చెప్పకూడదని మాత్రం ఆ పూటే అనుకున్నాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మనిషి మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలో గోడకేసి తిరిగి కూర్చుంటారు, ఈసారి లేవరు. కొడుకు చొక్కా అని తెలియక పాతగుడ్డ అనుకుని ముంచారు, పాపం. అందులో పెట్టింది నేను, సరే అన్నదీ నేనే. పోయినది ఎలాగూ పోయింది, ఇంకో మనిషిని కూడా ఎందుకు పోగొట్టుకోవడం అనుకున్నాను. ఇక ఆ ప్రశ్నకి జవాబు ఎప్పటికీ తెలియదు. అదీ ఒకందుకు మంచిదే అని సర్దిచెప్పుకున్నాను.

నేను గచ్చు మీదికి వెళ్ళడం తగ్గించాను. బట్టలు గదిలోనే ఆరేసుకున్నాను. కోసిన కూరలు మామగారే తెచ్చి వంటగదిలో పెట్టేవారు. ఆయన మాటా తగ్గింది. అంతకుముందు మిరప పూతకొచ్చిందనీ, వంగకి పురుగు పట్టిందనీ కాళ్ళకి అడ్డంపడి మరీ చెప్పేవారు. ఇప్పుడు నేనెదురుపడితే కళ్ళు దించుకుంటున్నారు. ఆ జేబున్న కుండీని ఎండ బాగా తగిలే చోట, చెక్కబల్ల పక్కనే పెట్టారు. అందులో టమాటా నాటారు. ఉన్నవాటిలో బలమైన మొక్క. దానికి నీళ్ళు పోసేటప్పుడు పైపు వాడరు, చెంబుతో పోస్తారు. కిటికీలోంచి చూశాను.

ఒకరోజు అన్నాల దగ్గర ఉన్నట్టుండి అడిగారు.

"మీ అమ్మగారింటికి ఎప్పుడు వెళ్తున్నావమ్మా?"

"వెళ్తానని ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. వెళ్ళాలనుంటే మొహమాటపడకు. నా గురించి ఆలోచించకు. నాకీ మొక్కలున్నాయి."

నన్ను వదిలించుకోవాలనుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. "సరే మామయ్యా," అన్నాను. ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వదిన వచ్చింది. మా ఆయనకి అక్క. ఊరికి ఆ చివర బట్టలు కుట్టే కొట్టు ఉంది. చేతిలో కత్తెర ఎంత పదునో నోరూ అంతే. తమ్ముడు పోయిన రోజున అందరికంటే గట్టిగా ఏడ్చింది, అందరికంటే ముందు లేచి అందరికీ భోజనాలు పెట్టింది. తనని చూస్తే నాకు కుళ్ళుగా ఉంటుంది. తనకి ఏడుపైనా కోపమైనా ఉన్నది ఉన్నట్టు వస్తుంది, పోతుంది.

గచ్చు మీద అడుగుపెట్టగానే మొదలుపెట్టింది.

"నాన్నా, ఇది పెరడా, పాత సామాన్ల కొట్టా? రేపు నేనిక్కడ కాసేపు కదలకుండా కూర్చుంటే నా నెత్తిన కూడా కొత్తిమీర జల్లేట్టున్నావు."

"నీ నెత్తిన ఏదీ మొలవదే. లోపల ఖాళీ," అన్నారు మామగారు. కూతురొస్తే ఆయనకి కాస్త ఊపొస్తుంది.

"సరే, నా కొట్టు ముందుకి ఓ గుడ్డ కుండీ ఇవ్వు. కుట్టుపనివాళ్ళ గుమ్మంలో గుడ్డ కుండీ ఉంటే ముచ్చటగా ఉంటుంది."

"ఏది కావాలంటే అది పట్టుకెళ్ళు. ఆ బల్ల పక్కది తప్ప."

అలా అన్నాక వదిన బల్ల పక్కది చూడకుండా ఉంటుందా? వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. నేను గుమ్మంలో నుంచుని ఉన్నాను. తను కాలరు అంచు తడిమింది. తర్వాత చెయ్యి జేబు మీదికి జరిగింది. జేబులో నాలుగు వేళ్ళూ పెట్టి లోతు చూసింది. ఆ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నాన్నా. ఇది తమ్ముడి చొక్కా."

మామగారు కుళాయి కట్టేశారు.

"ఈ జేబు కుట్టింది నేను. రెండుసార్లు విప్పించి మరీ కుట్టించుకున్నాడు వెధవ. వాడి చొక్కా సిమెంటులో ముంచావా? నీకు చేతులెలా వచ్చాయి నాన్నా?"

"వదినా, అరవకు," అన్నాను. "మామయ్యకి తెలీదు. పాతగుడ్డల సంచీలో ఉంది. పాతగుడ్డే అనుకున్నారు."

"తెలుసు," అన్నారు మామగారు.

ఇద్దరం ఆయనకేసి చూశాం.

"గలీబు విప్పగానే తెలిసింది. నా కొడుకు చొక్కా నాకు తెలీదా?" ఆయన నావైపు తిరిగారు, కానీ నా మొహం చూడలేదు, నా కాళ్ళకేసి చూస్తూ మాట్లాడారు. "నువ్వు పడేశావనుకున్నానమ్మా."

"నేనా?"

"కండెమ్ మూలలో ఉంది. కావాలా అని అడిగాను, సరే అని వెళ్ళిపోయావు. పది నెలలైంది, చిన్నదానివి, మీ అమ్మగారు రమ్మంటున్నారు. ఎన్నాళ్ళని వాణ్ణే పట్టుకుని ఉంటుందిలే, కండెమ్‌లో వేసేసింది అనుకున్నా. తప్పని కాదు. నేను తప్పు పట్టలేదమ్మా, ఒట్టు. కానీ ఆ సంచీలో గుడ్డలు చివరికి నేల తుడవడానికేగా వెళ్తాయి. నాకు ప్రాణం ఒప్పలేదు. నా పెట్టెలో దాచుకుంటే ఎప్పుడో నీ కంట పడుతుంది, ముసలాయనకి ఇంకా బెంగ చావలేదే అని నువ్వు బాధపడతావు. ఇలా చేస్తే ఎవరికీ తెలీదు, చిరగదు, మాయదు, ఇక్కడే ఉంటుంది కదా అని."

అంత పొడుగ్గా ఆయన మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"నేను పడెయ్యలేదు మామయ్యా," అన్నాను. "దాచుకున్నాను."

"పాతగుడ్డల్లోనా?"

"మా అమ్మ ఉతికేస్తుందని. ఆవిడ మీ మూల ముట్టుకోదని అక్కడ పెట్టాను. వెళ్ళాక తీద్దామనుకున్నా, తీయలేదు. మీరు అడిగినప్పుడు నేను వినలేదు. సరే అనేశాను. నేను అందరికీ సరేనే అంటున్నాను మామయ్యా, ఏమీ వినకుండా."

ఆయన చెక్కబల్ల మీద కూలబడ్డారు. చేతులు రెండూ ముందుకి చాపి చూసుకున్నారు, వాటిమీద కోపం వచ్చినట్టు.

"ఉతికానమ్మా," అన్నారు. "జిడ్డుంటే సిమెంటు పట్టదు. సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాను. అయ్యో. మీ అమ్మగారి కంట పడకూడదని నువ్వు దాస్తే, నేను ఉతికాను."

నాకు ఆయన మీద కోపం రాలేదు. జాలి కూడా రాలేదు. నా తలలో ఒకే ఒక్క మాట తిరిగింది, ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేనిది. నేను కాక ఆ చొక్కా దగ్గరికి చేరిన మనిషి ఈయనొక్కరే. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఉతికే ముందు వాసన చూశారా మామయ్యా?"

ఆయన దొంగతనం పట్టుబడినట్టు మొహం పెట్టారు. "చూశాను."

"ఉందా?"

"ఉందా ఏమిటమ్మా?"

"వాసన. నాకు మూడు నెలలుగా రావడం లేదు. ఆదివారం ఆదివారం తీసి చూసేదాన్ని. మొదట్లో వచ్చేది, తర్వాత ఆగిపోయింది. అందులో అయిపోయిందో, నాకే తెలియడం లేదో అర్థం కాలేదు. నిజం చెప్పండి. ఉందా?"

"నిండా ఉంది," అన్నారు మామగారు.

తర్వాత మెల్లిగా, ఇంజిను విప్పి ఒక్కొక్క ముక్క చూపించినట్టు చెప్పారు. మెడ దగ్గర చెమట. వాడు తలకి రుద్దుకునే ఆకుపచ్చ సబ్బు. కుడిచేతి మడతలో లిఫ్టు తీగలకి పూసే గ్రీజు, ఎంత కడుక్కున్నా పోనిది. జేబులో ఇత్తడి స్క్రూల వాసన, అందులోనే సోంపు గింజలు రెండు. అన్నీ కలిసి వాడే.

"మొహం దాకా కూడా తీసుకెళ్ళక్కర్లేకపోయింది. ఇలా చేతిలో పట్టుకుంటేనే తెలిసిపోయింది. వాడొచ్చి నా వెనక నుంచున్నాడనుకున్నా. తిరిగి చూశాను కూడా."

అంటే చొక్కాలో ఉంది. అన్ని ఆదివారాలు నా మొహానికి ఆనించుకున్నా నాకు తగలని వాసన అందులోనే ఉంది. లేనిది నేను. ఇంట్లో ఒక మనిషి పోయాడు, ఇంకో మనిషి కూడా ఎప్పుడో పోయింది, వంట చేస్తోంది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. భయం వేసింది. చాలా నెలల తర్వాత నాకు అచ్చంగా వేసిన భయం అది.

"ఇంకోసారి చెప్పండి మామయ్యా," అన్నాను.

"ఏది?"

"అదే. మొదట్నించీ. తొందరపడకుండా."

ఆయన వదినకేసి చూశారు. వదిన తల ఊపింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. మెడ, సబ్బు, గ్రీజు, జేబు. సోంపు గింజలు రెండు అన్నది రెండుసార్లు చెప్పారు. వాడు వెనక నుంచున్నాడనుకున్నా, తిరిగి చూశాను కూడా.

నేను తిరిగి చూశాను. గోడ ఉంది, గోడ మీద ఎండ ఉంది. మా ఆయన లేడు. పది నెలల్లో ఆయన లేడని నాకు తెలియడం అదే మొదటిసారి, నేను మామగారి భుజం పట్టుకుని వీధంతా వినబడేలా ఏడ్చాను.